గ్రీజు పెడితే ఆగిపోయిన బండి

ముప్పై ఏళ్లకు పైగా మోటర్ల కింద వెల్లకిలా పడుకుని బతికినవాణ్ని. ఆకాశం కంటే ఇంజన్ల అడుగుభాగాలే ఎక్కువ చూశాను. నేను విప్పిన నట్లన్నీ ఒకచోట పోస్తే దోమకొండ కోట బురుజంత గుట్ట అవుతుంది. మా ఇంటావిడ నేను చెప్పే ప్రతి అంకెనూ పదితో భాగించి నమ్ముతుంది. మా సంసారం ఆ భాగహారం మీదే నిలబడింది.

ఇప్పుడిప్పుడే పానా పట్టడం నేర్చుకుంటున్న కుర్రవాళ్లు అప్పుడప్పుడు వచ్చి, మీ నౌకరీలో అన్నిటికంటే పెద్ద పని ఏదని అడుగుతుంటారు. లింగంపేట దగ్గర వాగులో మునిగిన ఇంజన్ను ఎండబెట్టి, తెల్లవారేసరికి నడిపించిన కథ చెప్పి పంపిస్తాను. అది నిజమే, వాగు లోతు ఒక్కటి తప్ప. అయితే నాకు పని నేర్పింది ఆ ఇంజను కాదు. ఎటూ పోలేని ఒక నాలుగు చక్రాల బల్ల. దాని సంగతి ఇన్నాళ్లూ ఎవరికీ పూర్తిగా చెప్పలేదు, అందులో తప్పు పాలు నాదే ఎక్కువ గనక. ఇందులో పెంచి చెప్పవలసింది ఏమీ లేదు. పెంచి చెప్పినందుకే ఇదంతా జరిగింది.

కామారెడ్డి రైలు స్టేషనుకు అవతల, ధాన్యం గోదాముల వెనక మా మోటరు షెడ్డు ఉండేది. రేకులకు ఎన్ని చిల్లులంటే, బయట వాన వెలిసిన తరవాత కూడా లోపల ఒక గంటసేపు కురిసేది. మోటర్లు రెండు. ఒకటి ఎల్లారెడ్డికి పోయి వచ్చేది. రెండోది కదలకుండా కూర్చుని, మొదటిదానికి తన ఒంట్లోని సామాను ఒక్కొక్కటీ దానం చేసేది. కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డికి పాతిక మైళ్లని చెబుతారు. కొలిచినవాడెవడో నడుస్తూ కొలిచి ఉంటాడు. మా మోటరెక్కి కొలిచి ఉంటే రెండు వందలని రాసి, నడుం పట్టుకుని దిగిపోయేవాడు.

షెడ్డులో ముగ్గురం. మేస్త్రీ, డ్రైవరు, నేను. మేస్త్రీ రాజంపేట వైపు కమ్మరి ఇంట్లో పుట్టినవాడు. కొలిమి దగ్గర పెరిగి, ఎవరూ నేర్పకుండానే ఇంజను నేర్చుకున్నాడు. అందరం ఆయన్ని ఉస్తాద్ అనేవాళ్లం. యాభై దాటిన మనిషి. ఒక ఇనుప ముక్కను చేతిలోకి తీసుకుని వేలితో కొట్టి, లోపల పగులు ఉందో లేదో చెప్పేవాడు. చదువు రాదు. నాకు ఉర్దూ బడి చదువు ఉంది గనక రాతకోతలన్నీ నావి. డ్రైవరు గొంతు ఎల్లారెడ్డిలో విప్పితే కామారెడ్డిలో ప్రయాణికులు మూటలు సర్దుకునేవారు. చేసే పనికి రెండింతలు మాట్లాడేవాడు, మాటకు రెండింతలు నవ్వేవాడు.

యుద్ధం వచ్చి రెండో ఏడో మూడో ఏడో. పెట్రోలు గంగాజలం అయిపోయింది, డబ్బా అడుగున మిగిలిన చుక్కను గుడ్డతో అద్ది పిండుకునేవాళ్లం. ఒకరోజు పై ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. నేను చదివి వినిపించాను. పెట్రోలు లేదు గనక రెండు నెలల్లో ఎల్లారెడ్డి మోటరు బందు అవుతుంది. ఆ తరవాత షెడ్డులో ఒక్క మనిషి చాలు, ఆ ఒక్కడూ వయసులో చిన్నవాడై ఉండాలి.

మేస్త్రీ విని, చేతిలో ఉన్న సుత్తిని నేలమీద పడుకోబెట్టాడు. విసిరెయ్యలేదు, పడుకోబెట్టాడు.

"అంటె నన్ను పొమ్మన్నరు," అన్నాడు.

"నీ పేరు రాయలేదు ఉస్తాద్," అన్నాను.

"పేరు ఎందుకురా? ముగ్గుర్ల ముసలోడెవడో గా కాగితానికి గూడ ఎరుకే."

"ఊకె ఫికరు వెట్టుకోకు ఉస్తాద్," అన్నాడు డ్రైవరు. "నువ్వు వోతె గీ మోటరు గూడ నీ ఎన్కనే నడ్సుకుంట వస్తది. దానికి నీ మాట తప్ప ఎవ్వని మాట ఇనపడదు."

మేస్త్రీ నవ్వలేదు. మరునాటి నుంచి షెడ్డు మూలలో ఏదో కొట్టడం, సాగదీయడం మొదలుపెట్టాడు.

ఆయనకు ఆ ఆలోచన ఎక్కడ పుట్టిందో చెప్పాలి. అంతకు ముందు వడ్ల గిర్నీలో ఒక ఇంజను చెడితే బాగుచేయడానికి పోయాడు. ఆ ఇంజనుకు పక్కన పెద్ద బరువు చక్రం ఉంది. చక్రం అంచు ఒకవైపు విరిగిపోయింది, ఇంజన్ను నేలకు పట్టి ఉంచే బోల్టులు తెగిపోయాయి. గిర్నీవాళ్లు అట్లాగే నడిపిస్తుంటే, ఇంజను దానంతటదే ఎగురుకుంటూ గుమ్మం దాకా నడిచి వచ్చిందట. గిర్నీవాళ్లు దయ్యమని కొబ్బరికాయ కొట్టారు. మేస్త్రీ మాత్రం గుమ్మంలో కూర్చుని గంటసేపు చూశాడు. ఒకపక్క బరువు ఎక్కువైన చక్రం జోరుగా తిరిగితే తనున్న చోటును తనే గుంజుకుపోతుందని ఆయనకు తోచింది. గుంజేదుంటే ఎద్దెందుకు, పెట్రోలెందుకు?

నెలరోజుల్లో యంత్రం తయారైంది. రైలువాళ్లు పారేసిన సామాను బండి ఒకటి తెచ్చి, దాని బల్ల మీద రెండు ఇనుప చక్రాలను పక్కపక్కన అడ్డంగా పడుకోబెట్టాడు. ఒక్కో చక్రం అంచున ఒకేచోట పుచ్చకాయంత ఇనుప దిమ్మ. ఒక పిడి పట్టి తిప్పితే చక్రాలు రెండూ ఎదురెదురుగా తిరుగుతాయి. పక్కలకు గుంజే బలం ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది, ముందుకు గుంజేది మిగులుతుంది. బల్ల కింద నాలుగు చిన్న చక్రాలున్నాయి గానీ వాటికీ పిడికీ ఏ సంబంధమూ లేదు. గొలుసు లేదు, పళ్లచక్రం లేదు. వాటి మానాన అవి ఉంటాయి. నెట్టే మనిషి లేడు, లాగే పశువు లేదు, కాలే చమురు లేదు. పైన తిరిగే బరువే బండిని తీసుకుపోవాలి.

మేస్త్రీ బల్ల మీద కూర్చుని పిడి తిప్పాడు. దిమ్మలు వెనకవైపు ఉన్నప్పుడు మెల్లగా, ముందువైపుకు వచ్చేసరికి జోరుగా. ఆ లయ ఆయన చేతికే తెలుసు. బండి ఉలిక్కిపడినట్టు ఒక బెత్తెడు ముందుకు జరిగింది. మళ్లీ ఒక బెత్తెడు. షెడ్డులో ఈ గోడ నుంచి ఆ గోడకు పోయింది. నేను, డ్రైవరు నోళ్లు తెరుచుకుని నిలబడ్డాం. ఆ తెరిచిన నోళ్లలో పిచ్చుకలు గూడు కట్టుకుని, పిల్లల్ని లేపి, ఎగిరిపోయే వ్యవధి ఉంది.

"ఉస్తాద్! గిది ఎల్లారెడ్డి దాక వోతది!" అన్నాను.

"ఒక్క సుట్టుకు బెత్తెడు వోయింది," అన్నాడు మేస్త్రీ చెమట తుడుచుకుంటూ. "బెత్తెడు వోయిందని రాయి. పెద్ద చక్రాలు వెడ్తె ఇంకింత వోతదేమో, సూడాలె అని రాయి. సాబులకు నచ్చితె సామానిస్తరు. గంతే."

దరఖాస్తు రాయడానికి కూర్చున్నాను. బెత్తెడు అని రాద్దామనే కలం పట్టాను. దేవుడి మీద ఒట్టు. అయితే ఉర్దూలో బెత్తెడు అని రాస్తే కాగితం బోసిగా కనిపించింది. ఆఫీసులో ఎవరు చదువుతారు దాన్ని? మేస్త్రీ నౌకరీ నిలబడాలంటే ఆ కాగితం చదివిన సాబు కుర్చీలోంచి లేవాలి. పదిమంది ఎక్కి కూర్చున్నా లాగుతుందని రాశాను. చడావు, ఎంత ఎత్తు దారైనా ఎక్కుతుందని రాశాను. చుక్క పెట్రోలు లేకుండా ఎల్లారెడ్డి చేరగలదని రాసి, పూలతోట లాంటి రెండు వాక్యాలతో ముగించాను. మేస్త్రీ ఎదుట అంతా చదవలేదు. "అన్నీ రాసిన ఉస్తాద్," అన్నాను. ఆయన వేలిముద్ర వేశాడు.

సాబు కుర్చీలోంచి లేచాడు. మూడు వారాలకు, తనిఖీ దౌరా మీద కామారెడ్డి వస్తున్నానని, యంత్రాన్ని కళ్లారా చూస్తానని కబురు పంపాడు. విదేశం పోయి చదువుకున్న ఇంజినీరు.

సాబు వచ్చే ముందురోజు మధ్యాహ్నం మేస్త్రీ తన తెల్ల కోటు చాకలి దగ్గర నుంచి తెచ్చుకోవడానికి పోయాడు. నేను ఒక్కణ్నే షెడ్డులో ఉన్నాను. మా షెడ్డులో ఒక కట్టుబాటు ఉండేది. ఇరుసుల్లో కొత్త గ్రీజు పెట్టకుండా ఏ చక్రమూ గడప దాటకూడదు. ఒకసారి నేను మరిచిపోతే మేస్త్రీ కొట్టిన దెబ్బకు రెండు రోజులు నాకు కామారెడ్డి అంతా కుడిచెవిలోనే వినిపించింది. యంత్రం ఇప్పటిదాకా గడప దాటలేదు. రేపు మొదటిసారి దాటుతుంది. సాబు చూడవస్తాడు. దాని కింది చక్రాలేమో తుప్పు పట్టి, కిర్రుమని ఏడుస్తున్నాయి. మేస్త్రీ పరువు అట్లా ఏడవడం నాకు నచ్చలేదు. నాలుగు చక్రాలూ ఊడదీసి, తుప్పు గీకి, కిరసనాయిలుతో కడిగి, వేలితో నిండా గ్రీజు కూరాను. చిటికెన వేలితో తోస్తే బండి పరుగెత్తేటట్టు చేశాను. నా జీవితంలో అంత శ్రద్ధగా ఏ పనీ చెయ్యలేదు.

మరునాడు పొద్దున గోదాము ముందరి రాతి బండల మీద బండిని నిలిపాం. బండలు అద్దంలా ఉన్నాయి. కామారెడ్డి కామారెడ్డే వచ్చింది. మాచారెడ్డి నుంచి బండ్లు కట్టుకుని వచ్చారని చెబితే నమ్ముతారో లేదో గాని, ఇద్దరు ముగ్గురు వచ్చిన మాట వాస్తవం. ఎల్లారెడ్డి మోటరు కోసం వచ్చిన ఒక అవ్వ, కోడిపుంజును చంకన పెట్టుకుని అందరికంటే ముందు నిలబడింది.

"గీ బల్లనా ఎల్లారెడ్డికి వొయ్యేది?" అని అడిగింది.

"అవునే అవ్వ, ఎక్కు," అన్నాడు డ్రైవరు. "నువ్వు ముందట కూసో, కోడిని ఎన్క కూసోవెట్టు. కోడి మెల్లగ కూస్తది, నువ్వు జోరుగ ఒర్రుతవ్. బండి అదే నడుస్తది."

"నీ నోట్ల మన్నువడ. నువ్వు ఒర్రంగనే కదా ఇన్నొద్దులు మోటరు నడ్సింది," అన్నది అవ్వ.

అంతా నవ్వుతుండగా సాబు వచ్చాడు. సన్నటి మనిషి, కళ్లద్దాలు, మెత్తటి మాట. ఆయన ఉర్దూలోనే మాట్లాడాడు, ఇక్కడ నేను తెలుగు చేసి చెబుతున్నాను. జేబులోంచి నా దరఖాస్తు తీసి, అందరికీ వినబడేలా చదివాడు. పదిమంది, చడావు, ఎల్లారెడ్డి, పూలతోట, అన్నీ. మేస్త్రీకి ఉర్దూ చదవడం రాదు గానీ వింటే పొల్లు పోకుండా తెలుస్తుంది. తెల్ల కోటులో ఆయన ముఖం మెల్లమెల్లగా నా వైపు తిరిగింది.

"ఇదంతా మీరు చెప్పిందేనా మేస్త్రీ సాబ్?" అని ఇంజినీరు అడిగాడు.

ఆ క్షణంలో మేస్త్రీ ఒక్క మాట అంటే నా నౌకరీ ఊడేది. ఆయనది నిలబడేదేమో కూడా. ఒక్కడే ఉండాలన్నారు గదా.

"వేలిముద్ర నాది సాబ్," అన్నాడు మేస్త్రీ. "అండ్ల ఏమున్నా నా మాటే."

తరవాత బల్ల ఎక్కి కూర్చున్నాడు. పిడి పట్టుకున్నాడు. వెనక మెల్లగా, ముందు జోరుగా. దిమ్మలు గుయ్యిమన్నాయి.

బండి ఒక బెత్తెడు ముందుకు పోయింది. జనం అరిచారు. బెత్తెడు వెనక్కి వచ్చింది. మళ్లీ ముందుకు బెత్తెడు, మళ్లీ వెనక్కి బెత్తెడు. మేస్త్రీ ఇంకా జోరుగా తిప్పాడు. బండి ఇంకా జోరుగా ఊగింది. ఉయ్యాలలో పసిబిడ్డలా ఉన్నచోటనే ఊగింది. ఆయన కోటు వీపంతా తడిసిపోయింది. కొంతసేపటికి జనంలో ఎవరో జోలపాట అందుకున్నారు. నవ్వు గోదాము గోడలకు తగిలి తిరిగి వచ్చింది. అందరికంటే పెద్ద నవ్వు డ్రైవరుది అయ్యుండాలి. తిరిగి చూస్తే అతను నవ్వడం లేదు. తలపాగా తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

మేస్త్రీ దిగి కింద కూర్చుని ఒక చక్రాన్ని వేలితో తిప్పాడు. అది తిరుగుతూనే ఉంది. వేలు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"ఎవలు వెట్టిండ్రు గ్రీజు?"

"నేనే ఉస్తాద్. గడప దాటుతది గదా అని..." అన్నాను.

ఆయన కొట్టలేదు. కొడితే బాగుండేది. సాబు వైపు తిరిగి, ఒక గంట టైము ఇమ్మని అడిగాడు. సాబు గోదాము నీడలో కుర్చీ వేయించుకున్నాడు.

నేను నాలుగు చక్రాలూ ఊడదీశాను. గ్రీజంతా కడిగేసి, పొడిగుడ్డతో తుడిచి, ఇరుసుల్లో ఇంత ఇసుక పోసి బిగించాను. బండి మళ్లీ కిర్రుమంది. ఆ చప్పుడు అంత తియ్యగా ఉంటుందని నాకు అంతకు ముందు తెలియదు. మేస్త్రీ ఎక్కి పిడి తిప్పాడు. బెత్తెడు ముందుకు. ఆగింది. ఇంకో బెత్తెడు. వెనక్కి రాలేదు. గోదాము ఈ మూల నుంచి ఆ మూల దాకా, అందరి కళ్ల ఎదుట, నెట్టేవాడు లేకుండా పోయింది. జోలపాట పాడినవాళ్లే ఈలలు వేశారు. అవ్వ కోడిని వదిలేసి చప్పట్లు కొట్టింది. సాబు కుర్చీలోంచి లేచి కలం తీశాడు. నా మూడు అబద్ధాలూ, ఒక గ్రీజూ మాఫీ అయిపోయాయనుకుని ఊపిరి పీల్చుకున్నాను.

మేస్త్రీ మాత్రం బల్ల దిగలేదు. పిడి మీద చెయ్యి పెట్టుకుని కింది చక్రాలకేసే చూస్తున్నాడు.

"ఉస్తాద్, దిగు. సాబు రాస్తున్నడు," అన్నాను చిన్నగా.

"అరే పిలగా," అన్నాడు. "నూనె వెడ్తె ఆగి, తుప్పు వడ్తె నడ్సె ఇంజను గీ దునియాల ఎక్కడన్న జూసినవా?"

"ఉంటదేమో ఉస్తాద్. గిది కొత్త తరీఖ మిషిను గదా."

"లేదు. మంచి మిషిను నూనె వెడ్తె ఇంకింత మంచిగ నడ్వాలె. గిది నడుస్తలేదు. దీన్ని ఏదో నడిపిస్తున్నది." నా చెవి దగ్గరికి వంగాడు. "నేల నడిపిస్తున్నది."

"ఊకో ఉస్తాద్!" అన్నాను. జీవితంలో ఆయనకు నేను చెప్పిన మొదటి ఆజ్ఞ అది. "ఎవ్వలకు ఎరుక గాదు. సాబుకే ఎరుక గాలె. ఊకో."

ఆయన ఊరుకోలేదు. బండిని షెడ్డులోకి తీసుకురమ్మన్నాడు. ఇంజన్లు పైకెత్తే గొలుసు కప్పీకి బల్ల నాలుగు మూలలూ కట్టి పైకి లేపమన్నాడు. డ్రైవరు ఒక్క జోకూ వెయ్యకుండా గొలుసు లాగాడు. బండి నేలను వదిలి, మోకాలెత్తున గాలిలో వేలాడింది. సాబు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఆయన ముఖం చూస్తే, ఏం జరగబోతోందో ఆయనకు ఎప్పుడో తెలిసినట్టే ఉంది. పొద్దుటి నుంచే తెలుసేమో. చెయ్యవలసినవాడు చేస్తాడా అని ఎదురుచూశాడేమో.

మేస్త్రీ వేలాడే బల్ల మీదికి ఎక్కి పిడి తిప్పాడు. మెల్లగా, జోరుగా. బల్ల ముందుకు ఊగింది, వెనక్కి ఊగింది. దిమ్మలు ఎంత గుంజినా గొలుసు ఒక్క బెత్తెడు కూడా వాలి నిలబడలేదు. మేము ముగ్గురం చూస్తుండగా ఆయన చాలాసేపు తిప్పాడు. చెయ్యి దానంతటదే ఆగేదాకా తిప్పాడు. బల్ల ఊగి ఊగి నిటారుగా నిలిచింది. ఎక్కడ వేలాడదీశామో అక్కడే.

ఇందులోని మర్మం సాబు తరవాత నాకు చెప్పాడు. మీరు చిన్నప్పుడు పీట మీద కూర్చుని, కాళ్లు నేలకు ఆనించకుండా ఒంటిని ఎగరేస్తూ పీటను జరిపి ఉంటారు. మెల్లగా వెనక్కి వాలితే నేల పీటను పట్టుకుంటుంది, జోరుగా ముందుకు విసిరితే వదులుతుంది. పీట నడుస్తుంది. అదే పీటను నీళ్లలో తెప్ప మీద పెట్టి ఎగిరితే, ఎగిరి అలిసి అక్కడే ఉంటారు. తనలో తను ఎంత తిరిగినా బరువు తనను తాను మోసుకుపోలేదు. పట్టుకునే నేల ఉండాలి. మేస్త్రీ యంత్రాన్ని నడిపింది రైలువాళ్ల తుప్పు.

"మేస్త్రీ సాబ్," అన్నాడు ఇంజినీరు. "ఇంకా పరీక్షించవలసి ఉంది అని రాస్తాను. ఆరు నెలలు మీరు షెడ్డులోనే ఉండి పరీక్షలు చెయ్యవచ్చు. ఈలోపు యుద్ధం ఆగవచ్చు, పెట్రోలు రావచ్చు. అట్లా రాయడం అబద్ధం కాదు."

నాకు ఆ మనిషి కాళ్లమీద పడాలనిపించింది. డ్రైవరు, "ఊ అను ఉస్తాద్, ఊ అను," అని గొణిగాడు. అతను తన గొంతును అంత చిన్నది చెయ్యగలడని నాకు తెలియదు.

మేస్త్రీ బల్ల మీంచి దిగి, కోటు సర్దుకున్నాడు.

"పరీక్ష అయింది గదా సాబ్," అన్నాడు.

"అయింది. కానీ..."

"రేపు గిదే బండి ఇంకొకలు జూస్తరు. నడుస్తదంటరు. మా పిలగాడు రాసినట్టు పదిమందిని ఎక్కిస్తరు. చడావుల వాన వడి తొవ్వ జారుతది, నేల పట్టు ఇడుస్తది. గప్పుడు నేను యాడ ఉంటనో ఏమో. చేసినోణ్ని నేను. నడ్వదని నేనే చెప్పాలె."

సాబు కలం మూత తీసి, ఇంకేమీ అడగకుండా రాశాడు. యంత్రం తనంతట తాను నడవదు, ఆ సంగతిని కనిపెట్టింది దాన్ని చేసిన మేస్త్రీయే అని. మేస్త్రీ వేలిముద్ర వేశాడు. సాక్షి దస్కత్తు నన్ను చెయ్యమన్నారు. నౌకరీలో నేను చేసిన మొదటి దస్కత్తు అది. తరవాత వేల బండ్లకు నడపదగినవని దస్కత్తులు చేశాను. ఇందులో వేలన్న మాటను మీరు పదితో భాగించనక్కర లేదు. ప్రతిసారీ కలం పట్టగానే ఆ కాగితం కనిపించేది. బ్రేకులు సరిగ్గా లేని బండిని ఎన్నోసార్లు వెనక్కి పంపాను, తిట్లు తిన్నాను. ధైర్యవంతుణ్నయి కాదు. ఒకసారి బెత్తెడును పాతిక మైళ్లు చేసి రాసినవాడికి కలం అంటే భయం పట్టుకుంటుంది.

నెలాఖరుకు హుకుం వచ్చింది. ఎల్లారెడ్డి మోటరు బందు. షెడ్డులో ఉండవలసిన ఒక్క మనిషీ నేను. డ్రైవరుకు బొగ్గు గ్యాసుతో నడిచే లారీ మీద పని దొరికింది. హుకుం చదివిన సాయంత్రమే బజారులో మాట పుట్టింది. ఉస్తాద్ జాగా కోసం పిలగాడు కావాలనే గ్రీజు కూరిండట. మొదట అన్నదెవరో తెలియదు. డ్రైవరు కూడా ఒకసారి నా కళ్లలోకి చూసి, "నిజం జెప్పు తమ్మీ," అని అడిగాడు. నేను చెప్పాను. అతను నమ్మినట్టు తల ఊపి, నమ్మనట్టు నడిచిపోయాడు. మేస్త్రీ మాత్రం నన్నేమీ అడగలేదు. అడిగితే చెప్పుకోవచ్చు. అడగనివాడికి ఎట్లా చెప్పుకోవడం?

ఆఖరి రోజు మోటరు ఎల్లారెడ్డికి పోయింది. మేస్త్రీకి అక్కడ చుట్టాలుండేవారు. ఎడ్లబండి చక్రాలకు ఇనుప పట్టాలు వేసుకుని బతుకుతానన్నాడు. ఒక మూట, ఒక సుత్తి, ఇనుము పెట్టి కొట్టే దాగలి ఒకటి. దాగలిని నేనూ డ్రైవరూ కలిసి ఎత్తిపెట్టాం. పదేళ్లుగా ఆ మోటరును నడిపించినవాడు, మొదటిసారి ప్రయాణికుడిగా కిటికీ పక్కన కూర్చున్నాడు. నేనూ ఎక్కి ఆయన ఎదుట కూర్చున్నాను. ఇంజను ఎక్కడ దగ్గినా నేను ఆయన ముఖం చూశాను. ఆయన కిటికీలోంచి జొన్నచేలు చూశాడు.

ఎల్లారెడ్డిలో జనం దిగారు. సామాను దించారు. ఆయన దిగి, పోబోయి, ఆగాడు. మోటరు చుట్టూ ఒకసారి నడిచి వచ్చాడు. ఒక్కో చక్రం దగ్గర వంగి ఇరుసు మీద అరచెయ్యి ఆనించాడు. ఎడమవైపు వెనక చక్రం దగ్గర చెయ్యి చటుక్కున తీసేశాడు.

"గిది కాలుతున్నది," అన్నాడు. "గ్రీజు డబ్బ తీస్కరా."

డబ్బా తెచ్చాను. చక్రం ఊడదీశాను. మూత తియ్యడానికి మాత్రం చెయ్యి రాలేదు. గోదాము ముందరి ఆ పొద్దు తరవాత నేను గ్రీజును వేలితో ముట్టలేదు, అన్నీ డ్రైవరుతోనే పెట్టించాను. బజారంతా అన్న మాటలు అప్పుడు నా చెవుల్లో ఉన్నాయి. ఆయన కూడా వినే ఉంటాడు.

"ఉస్తాద్, నువ్వే పెట్టరాదు," అన్నాను.

"నేనెందుకు వెడ్త? షెడ్డు నీది," అన్నాడు. కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. "తిరిగి వొయ్యేటప్పుడు పాతిక మైళ్లు ఉన్నది. వెట్టు."

మూత తీసి పెట్టాను. నిండా పెట్టాను. ఆయన నా పక్కనే గొంతుక్కూర్చుని, నా వేలు ఎక్కడిదాకా పోతున్నదో చూస్తూ, "ఇంకింత... లోపటికి... ఆ," అని చెబుతూ ఉన్నాడు. చక్రం బిగించాక తనే వేలితో ఒకసారి తిప్పి చూశాడు. అది చప్పుడు లేకుండా చాలాసేపు తిరిగింది. ఆగేదాకా చూసి, మూట భుజాన వేసుకుని, దాగలి కోసం బండి కట్టుకుని వచ్చిన చుట్టాల వైపు నడిచిపోయాడు.